ఎడ్లపాడు బడికి ఇరవై మీటర్ల పందెం

ఇరవై మీటర్ల దారి. ఈ చివర నుంచి ఆ చివరకు బిగించి కట్టిన నైలాన్ దారం. దానికి రెండు కొక్కేలతో తగులుకుని ఉన్న జానెడు కారు. కారు వెనక తొర్రలో వేలెడంత ఉక్కు సిలిండరు, అందులో 8 గ్రాముల కార్బన్ డయాక్సైడు. మీట నొక్కగానే సూది సిలిండరు మూతిని పొడుస్తుంది. గ్యాసు వెనక్కి తన్నుకొస్తుంది, కారు ముందుకు దూసుకుపోతుంది. మంచి కారైతే సెకను మీద కాస్త పడుతుంది, అంతే. ఇరవై మీటర్లను 1.05 సెకన్లలో దాటిందంటే సగటున గంటకు 68 కిలోమీటర్ల పైచిలుకు వేగం. చూసేవాళ్లు మెడ తిప్పేసరికి పందెం అయిపోతుంది.

ఈ ఒక్క సెకను కోసం ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఉన్న బడిపిల్లల జట్టు నెలల తరబడి పనిచేస్తుంది. ‘ఎఫ్ 1 ఇన్ స్కూల్స్’ పేరుతో బ్రిటన్‌లో 1999లో మొదలైన ఈ పోటీ 2005 నుంచి ప్రపంచస్థాయిలో జరుగుతోంది. 2025లో ‘స్టెమ్ రేసింగ్’ అని పేరు మార్చుకుంది. తొమ్మిదేళ్ల పిల్లల నుంచి పందొమ్మిదేళ్ల వాళ్ల దాకా, నలభైకి పైగా దేశాల నుంచి దీనిలో దిగుతున్నారు. మన దేశంలోనూ జాతీయ పోటీ ఉంది. గెలిచినవాళ్లు సింగపూరు, సౌదీ అరేబియా లాంటి చోట్ల ప్రపంచ ఫైనల్స్‌కు వెళ్లివస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది పెద్ద నగరాల్లోని ఖరీదైన బడుల పిల్లలు. పల్నాడు జిల్లాలో, చిలకలూరిపేటకూ గుంటూరుకూ మధ్య పదహారో నంబరు జాతీయ రహదారి మీదున్న ఎడ్లపాడు లాంటి మండల కేంద్రంలో, జిల్లా పరిషత్ బడిలో తొమ్మిదో తరగతి చదివే పిల్లకు ఈ పందెం అందుతుందా? అందాల్సిన అవసరం ఉందా? ఉంటే ఏ రూపంలో?

ముందు పోటీ సంగతి చూద్దాం. పైకి బొమ్మకార్ల ఆటలా ఉంటుంది. నియమావళి తెరిస్తే ఆ భ్రమ పోతుంది. పొడవు, వెడల్పు, చక్రం వ్యాసం, నేల నుంచి ఎత్తు, రెక్క మందం, అన్నిటికీ మిల్లీమీటర్లలో హద్దులుంటాయి. కనీస బరువు 50 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, అంతకన్నా తగ్గితే మార్కులు కోస్తారు. కారును కంప్యూటర్లో గీసి, నిర్వాహకులు ఒప్పుకున్న దిమ్మ నుంచి సీఎన్‌సీ మిషను మీద చెక్కించాలి. ఆ దిమ్మ మొదట్లో బాల్సా కర్ర, తర్వాత పాలీయురెథేన్ వచ్చింది. పరుగుకు వచ్చే మార్కులు మొత్తంలో ఒక వాటా మాత్రమే. మిగతావి డ్రాయింగులకు, ప్రయోగాల రికార్డుకు, జడ్జీల ముందు మాట్లాడిన తీరుకు, స్టాలుకు, ఖర్చులకు దాతలను కూడగట్టిన పద్ధతికి పోతాయి. అన్నిటికన్నా వేగంగా పరిగెత్తిన కారు ఉన్న జట్టుకే కప్పు రావాలని లేదు.

ఈ మార్కుల పంపకమే పోటీకి బలం, బలహీనత కూడా. వేగం ఒక్కటే లెక్కయితే ఎక్కడినుంచో తెచ్చిన కారు గెలిచిపోతుంది. ‘ఎందుకిలా చేశావు’ అని అడిగినప్పుడు నోరు విప్పగలగాలి కాబట్టి పిల్లలు తామే ఆలోచించి తీరాలి. అదే సమయంలో స్టాలుకు, స్పాన్సరుకు మార్కులంటే తెలిసిన కంపెనీలున్న తండ్రి, ఇంగ్లీషులో అనర్గళంగా మాట్లాడే నోరు ఉన్నవాళ్లకు పందెం మొదలవకముందే నాలుగు అడుగుల ముందంజ. పిల్లల్లో ఇంజనీరును వెతుకుతున్నామా, మార్కెటింగు మేనేజరునా అని అడగాలనిపిస్తుంది.

చిన్న కార్లతో పిల్లలకు ఇంజనీరింగు నేర్పాలన్న ఆలోచన బ్రిటన్‌లో పుట్టింది కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు 1930 నుంచి 1968 దాకా ‘ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్’ అని ఒకటి నడిపారు. మొదట్లో నెపోలియన్ కాలపు గుర్రబ్బండి నమూనాను అచ్చుగుద్దినట్టు చేయమనేవారు. తర్వాత సొంతంగా ఊహించిన కారు నమూనా చేయమన్నారు. బహుమతిగా కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్పులు ఇచ్చేవారు. 1947లో జాతీయ బహుమతి గెలిచిన చక్ జోర్డన్ పెరిగి పెద్దవాడై అదే జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికి ఉపాధ్యక్షుడయ్యాడు. కంపెనీకి కావలసింది కూడా అదే, రేపటి ఉద్యోగిని చిన్నప్పుడే గుర్తుపట్టడం. దానిలో మగపిల్లలకు మాత్రమే చోటుండేది. ఆ కాలం నాటి డిజైన్ గదుల నిండా మగవాళ్లే ఉండటానికి ఇలాంటి వడపోతలు కూడా ఒక కారణం.

రెండో దారి ‘సోప్ బాక్స్ డెర్బీ’. 1933లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో ఒక పత్రికా ఫొటోగ్రాఫరు, సబ్బుల పెట్టెలకు చక్రాలు బిగించి వాలులో జారుతున్న కుర్రాళ్లను చూసి పోటీ పెట్టాడు. అది దేశమంతా పాకి, ఆక్రన్ పట్టణంలో ఏటా జరిగే జాతరలా స్థిరపడింది. 1973లో గెలిచిన పద్నాలుగేళ్ల కుర్రాడి బండి అనుమానాస్పదంగా ముందుకు దూకిందని నిర్వాహకులు దానికి ఎక్స్‌రే తీయించారు. ముక్కులో విద్యుదయస్కాంతం దొరికింది. పందెం మొదట్లో బండ్లను ఆపి ఉంచే ఇనప తలుపు కింద పడేటప్పుడు ఆ అయస్కాంతం దాన్ని పట్టుకుని బండిని ముందుకు లాక్కుంది. కుర్రాడు తల వెనక్కి ఆనిస్తే స్విచ్చి పడే ఏర్పాటు! బుద్ధి పుట్టింది కుర్రాడికి కాదు, ఇంజనీరైన మేనమామకు. కప్పు వెనక్కి తీసుకున్నారు.

ఈ కథను ఎక్కడో జరిగిన వింతగా చూడలేం. మన సైన్స్ ఫెయిర్లకు వెళ్లినవాళ్లకు ఆ మేనమామ బాగా తెలుసు. బజార్లో దొరికే ‘వర్కింగ్ మోడల్’ను కొనుక్కొచ్చి థర్మకోల్ మీద అంటించి, పక్కన పిల్లవాణ్ణి నిలబెట్టి, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు బట్టీ పట్టించిన దృశ్యం ప్రతి జిల్లాలో కనిపిస్తుంది. పెద్దల చేయి తగలని పోటీ ఉండదు. ఆ చేయి ఎంతవరకు రావచ్చో నియమం గట్టిగా చెప్పిందా లేదా అన్నదే పోటీ నాణ్యతకు గీటురాయి. పిల్లల ముందు కారు విప్పి, ‘ఈ ఇరుసు ఇక్కడే ఎందుకు పెట్టారు’ అని పిల్లలనే అడిగితే మేనమామ సంగతి రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

మూడో దారి 1953లో కాలిఫోర్నియాలో స్కౌట్ పిల్లల కోసం మొదలైన ‘పైన్‌వుడ్ డెర్బీ’. ఒక చెక్క దిమ్మ, నాలుగు చక్రాలు, నాలుగు మేకులు ఇస్తారు. చెక్కి తెచ్చి వాలు బల్ల మీద వదలాలి. ఇందులో ఇంజను లేదు, భూమ్యాకర్షణే ఇంజను. ఈ పందెంలో గరిష్ఠ బరువుకు హద్దు ఉంది, సుమారు 142 గ్రాములు. గ్యాసు కార్ల పందెంలోనేమో కనిష్ఠానికి హద్దు. ఒకచోట పిల్లలు కారులో సీసం ముక్కలు దూర్చి హద్దు దాకా బరువు పెంచుతారు, ఇంకోచోట గీకిగీకి హద్దు దాకా తగ్గిస్తారు. వాలులో దిగే కారుకు బరువు ఎక్కువైతే లాగే బలమూ అంతే పెరుగుతుంది, గాలి అడ్డు మాత్రం పెరగదు. అందుకని బరువున్న కారుదే పైచేయి. గ్యాసు తోసే కారుకు తోపు బలం ఇంతే అని ముందే కట్టి ఉంటుంది, బరువు తగ్గితేనే త్వరణం. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకంలో న్యూటన్ రెండో నియమం ఒక సూత్రం, కింద నాలుగు లెక్కలు. ఈ రెండు పందేలూ ఒకే వారంలో ఒకే పిల్లల చేత ఆడిస్తే ఆ నియమం గురించి పాఠం చెప్పాల్సిన పని సగం తగ్గుతుంది. ఇన్ని పోటీల చరిత్రలోనూ నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే. ఒక పందెం నుంచి పిల్లలు తీర్మానం చేసుకుంటారు, రెండో పందెం ఆ తీర్మానాన్ని విరగ్గొడుతుంది.

ఇలాంటి పోటీల వల్ల పిల్లలు నిజంగా ఇంజనీర్లవుతారా? నిర్వాహకులు అవుతారనే అంటారు, అనకపోతే స్పాన్సర్లు రారు. రోబోట్ల పోటీ ‘ఫస్ట్’ మీద అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయం వాళ్లు పాల్గొన్న పిల్లలనూ పాల్గొనని పిల్లలనూ పోల్చి ఏళ్ల తరబడి గమనించారు. పాల్గొన్నవాళ్లలో సైన్సు, ఇంజనీరింగు మీద ఆసక్తి ఎక్కువగా నిలిచిందనీ, ఆడపిల్లల్లో ఆ తేడా మరింత కనిపించిందనీ తేల్చారు. ఇంకోవైపు లండన్‌లో ‘ఆస్పైర్స్’ అనే అధ్యయనం వేల మంది పిల్లలను పదేళ్ల వయసు నుంచీ వెంబడించి ఒక చేదు సంగతి చెప్పింది. సైన్సంటే ఇష్టమని చెప్పే పిల్లలు చాలామంది, ‘నేను సైంటిస్టునవుతా’ అనేవాళ్లు కొద్దిమంది. ఇంట్లో, చుట్టాల్లో, వీధిలో అలాంటి పని చేసే మనిషి ఒకరైనా కనబడితేనే ఆ పని తనకూ వర్తిస్తుందని పిల్లకు అనిపిస్తుంది.

మన దగ్గర ఈ రెండో సంగతి తలకిందులుగా ఉంది. తెలుగు ఇళ్లల్లో ఇంజనీరుకు కరువు లేదు. ప్రతి వీధిలో ఒక బీటెక్ ఉంటాడు. ఆ బీటెక్ చేతిలో స్క్రూడ్రైవరు ఉండటమే అరుదు. ఇంటరు రెండేళ్లూ ఈఏపీసెట్ బిట్లు, ఆ తర్వాత నాలుగేళ్లూ కోడింగు. చేత్తో చేసే ఇంజనీరింగు పోటీలు కాలేజీలో ఉన్నాయి. 2007లో మొదలైన ‘బాహా ఎస్ఏఈ ఇండియా’లో విద్యార్థులు రాళ్లదారిలో నడిచే బండిని కట్టి తెస్తారు. కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో జరిగే ‘ఫార్ములా భారత్’లో ఒక్కరు కూర్చునే రేసుకారును నడిపిస్తారు. తెలుగు రాష్ట్రాల కాలేజీలు కూడా ఈ రెండిట్లోకీ వెళ్తుంటాయి. కానీ బేరింగంటే ఏమిటో ఇరవై ఏళ్లకు మొదటిసారి చేత్తో పట్టుకున్న కుర్రాడికి అక్కడ నేర్చుకునే వ్యవధి దొరకదు. ఎనిమిదో తరగతిలో పడాల్సిన బీజం అది.

ఇక రేసు చూడటమంటారా, అది మన ఇంటి ముందుకే వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున, 2.83 కిలోమీటర్ల వీధి సర్క్యూట్ మీద ఫార్ములా ఈ కార్లు పరిగెత్తాయి. జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది పోటీ రద్దయింది. దాని చుట్టూ జరిగిన రాజకీయ రగడ తెలుగువాళ్లకు బాగానే గుర్తుంది. ఆ రెండేళ్ల చర్చలో ‘ఈ కార్లను రేపు మన పిల్లలు తయారు చేయాలంటే ఇవాళ బడిలో ఏముండాలి’ అన్న ప్రశ్న ఎక్కడైనా వినబడిందా అంటే, నా చెవిన పడలేదు.

ఇప్పుడు ఎడ్లపాడుకు వద్దాం. గణపవరం, చిలకలూరిపేట చుట్టూ నూలు మిల్లులున్నాయి. వంకాయలపాడు దగ్గర స్పైసెస్ బోర్డు వారి పార్కుంది. రోడ్డు వెంట వెల్డింగు షాపులు, లేతు మిషన్లు, మోటార్ వైండింగు కొట్లు. మిల్లులో పనిచేసే ఫిట్టరుకు బేరింగు చప్పుడు వింటేనే దాని ఆరోగ్యం తెలుస్తుంది. పిల్లలకు ఈ విద్య నేర్పగలిగే మనుషులు ఉన్నారు, వాళ్లను ‘గురువు’ అని బడి ఇంకా పిలవలేదు.

కారు చేయడమూ ఇక్కడి పిల్లలకు కొత్త కాదు. తాటిబుర్రల బండి తోలని పల్నాటి బాల్యం మొన్నమొన్నటి దాకా లేదు. జొన్నదంటు చీల్చి బెండుతో ఎడ్లబండి కట్టేవాళ్లు. అరిగిన హవాయి చెప్పును గుండ్రంగా కోసి చక్రాలు చేసేవాళ్లు. ఆ చెప్పు చక్రానికి నేల మీద పట్టు ఎక్కువ, బరువు తక్కువ. బెండుకు బాల్సా కన్నా నునుపు తక్కువే గానీ తేలికలో తీసిపోదు. అదంతా ఆటగా ఉండిపోవడానికి కారణం కొలత లేకపోవడమే. ఎవరి బండి బాగా పోయిందో కేకలతో తేలేది, గడియారంతో తేలేది కాదు.

బాల్సా కర్ర ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. మనకు కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి ఉంది. తేలిక కర్ర, మెత్తగా తెగుతుంది, ఎండబెడితే గట్టిపడుతుంది. అతుకులకు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పి లక్కరంగు పూస్తారు, గుండ్రని చక్రం తీయడానికి అంతకన్నా నేర్పున్న చేతులు ఎక్కడ దొరుకుతాయి? పల్నాడులోనే దుర్గి శిల్పులు రాతి దిమ్మ నుంచి అక్కర్లేనిది తీసేయడమనే పనిలో తరాలుగా ఉన్నారు. ఇదంతా చెప్పి సంబరపడితే చాలదు, లెక్క కూడా చూడాలి. వంద ఘన సెంటీమీటర్ల ఘనపరిమాణమున్న కారు దేహాన్ని బాల్సాతో చేస్తే సుమారు 15 గ్రాములు తూగుతుంది, టేకుతో చేస్తే 65 దాకా పోతుంది. 50 గ్రాముల కారుకు టేకు పనికిరాదు. ఎంత బాగా నగిషీ చెక్కినా సరే, త్రాసు ఒప్పుకోదు. పొణికి ఈ రెండిటి మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. ఎక్కడో కచ్చితంగా తేల్చడమే పిల్లలకు మొదటి ప్రయోగం కావచ్చు: ముక్క కోసి, తూచి, నీళ్లలో ముంచి ఘనపరిమాణం తీయడం. పొణికి చెట్లు తగ్గిపోతున్నాయని బొమ్మల కళాకారులు మొత్తుకుంటున్న మాట కూడా ఆ పాఠంలో రావాల్సిందే.

బేరింగు దగ్గర ఇంకా మంచి చిక్కు ఉంది. బజార్లో తేలిగ్గా దొరికే చిన్న బాల్ బేరింగు 608 నంబరు. 2017లో పిల్లలంతా వేళ్ల మీద తిప్పిన స్పిన్నర్లలో ఉన్నది అదే. ఒక్కోటి సుమారు 12 గ్రాములు. నాలుగు చక్రాలకు నాలుగు పెడితే 48 గ్రాములు, అంటే కారు మొత్తం బరువు బేరింగులకే సరి! ఖరీదైన పోటీల్లో జట్లు గోరంతైనా లేని సూక్ష్మ బేరింగులు, సిరామిక్ గోళాలవి, తెప్పించుకుంటాయి. ఇక్కడ సైకిల్ చువ్వను ఇరుసు చేసి, పెన్ను రీఫిల్ గొట్టాన్ని బుష్‌గా పెట్టి, పెన్సిల్ లోపలి గ్రాఫైటును నలిపి పోసి చూడవచ్చు. సిరామిక్ బేరింగును ఓడించదు. కానీ రాపిడి అంటే ఏమిటో, దాన్ని సగానికి తగ్గించడం ఎలా ఉంటుందో మొదటి రోజే చేతికి తెలుస్తుంది.

కాలాన్ని కొలవడానికి ఖరీదైన గేట్లు అక్కర్లేదు. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను ఉంటే, ఒక్కో ఫ్రేముకు 0.004 సెకను తేడాలో లెక్క దొరుకుతుంది. ఇంకాస్త ఓపిక ఉంటే ఒక ఆర్డునో బోర్డు, రెండు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు చాలు. అసలు కష్టం పరికరంలో లేదు. ఒకే కారును పదిసార్లు వదిలితే పది రకాల సమయాలు వస్తాయి. ఆ పదింటి మధ్యే 0.03 సెకను చెదురు ఉన్నప్పుడు, ‘ముక్కు గుండ్రం చేశాక 0.01 తగ్గింది’ అనడానికి లేదు. ఇది ఒప్పుకోవడం పెద్దవాళ్లకే కష్టం. మన పాఠ్యపుస్తకాల్లో ప్రయోగానికి జవాబు ముందే అచ్చయి ఉంటుంది, రికార్డులో ఆ జవాబు రాస్తేనే మార్కు. ఇక్కడ జవాబు ఎవరికీ తెలియదు, టీచరుకు కూడా. నా లెక్కలో ఈ పోటీ సారమంతా ఈ పదిసార్ల కొలతలో ఉంది. ఇదే అన్నిటికన్నా చవకైన భాగం. ఖరీదైనవన్నీ, అంటే సీఎన్‌సీ, స్టాలు, యూనిఫారం, విమానం టిక్కెట్టు, దీని చుట్టూ తర్వాత చేరినవి. వాటిని ఊడదీసినా కారు పరిగెడుతుంది.

గ్యాసు సిలిండరు దగ్గర మాత్రం పల్నాడుకు తనదైన ఇబ్బంది ఉంది. రాష్ట్రంలో ఎండలు అనగానే రెంటచింతల పేరు వార్తల్లోకొస్తుంది, అది ఈ జిల్లాలోదే. కార్బన్ డయాక్సైడు 31 డిగ్రీలు దాటితే ద్రవంగా ఉండలేదు. 20 డిగ్రీల దగ్గర సిలిండరులో సుమారు 57 బార్ల ఒత్తిడి ఉంటుంది, 30 దగ్గర 72కు చేరుతుంది, ఆపైన ఇంకా ఎగబాకుతుంది. నీడలో ఉంచిన సిలిండరుతో పరిగెత్తిన కారుకూ, ఎండలో కాగిన సిలిండరుతో పరిగెత్తిన కారుకూ ఒకే పందెం అనడం అన్యాయం. పైగా ప్రమాదం కూడా. అందుకే పెద్ద పోటీల్లో సిలిండర్లు నిర్వాహకులే ఇస్తారు. ఇక్కడ మొదటి ఏడాది అసలు గ్యాసు జోలికే పోకుండా, వాలు బల్లతోనూ రబ్బరు బ్యాండుతోనూ మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. మీటరు ఎత్తు నుంచి వదిలితే రాపిడి ఏమీ లేదనుకున్నా కారు వేగం గంటకు 16 కిలోమీటర్లు మించదు. కంటికి ఆనుతుంది, ఎక్కడ తడబడిందో పిల్లలకు కనిపిస్తుంది. సెకనులో మాయమైపోయే కారు కన్నా అది చదువుకు అనువు.

డబ్బు సంగతి. కేంద్రం 2016 నుంచి అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద బడికి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చి టింకరింగ్ ల్యాబులు పెట్టిస్తోంది. దేశంలో పది వేల దాకా వచ్చాయి. రాబోయే ఐదేళ్లలో సర్కారు బడుల్లో మరో 50 వేలు అని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. ఇన్‌స్పైర్ మనక్ పథకంలో ఎంపికైన ఆలోచనకు పిల్లల ఖాతాలోనే 10 వేల రూపాయలు పడతాయి. కాబట్టి డబ్బు లేదనే మాట పూర్తిగా నిలవదు. లేనిది పీరియడు. టైంటేబుల్లో చోటు లేని ల్యాబుకు తాళం పడుతుంది, త్రీడీ ప్రింటరు మీద గుడ్డ కప్పుతారు, తనిఖీ రోజు గుడ్డ తీస్తారు. పోటీ ఒకటి తేదీతో సహా ముందుంటే ఆ తాళం తీయక తప్పదు. పందేనికి నేను ఓటు వేయడానికి ఇది ఒక్కటే పెద్ద కారణం.

పందెం వద్దనేవాళ్ల వాదన కూడా తేలిగ్గా తీసేసేది కాదు. మధ్యప్రదేశ్‌లో 1972 నుంచి 2002 దాకా నడిచిన హోషంగాబాద్ సైన్సు కార్యక్రమం పల్లె బడుల్లో వేలమంది పిల్లల చేత ప్రయోగాలు చేయించింది, ఎవరినీ ఎవరితోనూ పోటీ పెట్టకుండానే. ఆ బడిలో తేలినవాడే అరవింద్ గుప్తా. అగ్గిపుల్లలు, సైకిల్ ట్యూబు ముక్కలు, పాత సీసాలతో ఆయన చూపిన బొమ్మలు తెలుగు పుస్తకాలుగానూ వచ్చాయి. ఓడిన పిల్లవాడికి సైన్సు మీదే విరక్తి పుడితే ఎలా అని ఆ దారివాళ్లు అడుగుతారు. నిజమే. కాకపోతే హోషంగాబాద్ నిలిచింది ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థ, విశ్వవిద్యాలయాల ఆచార్యులు ముప్పై ఏళ్లు భుజం కాసినందువల్ల. ప్రభుత్వం చేయి తీసేయగానే ఆగిపోయింది. ఊరు తన భుజాన వేసుకునే పని అంత తేలిగ్గా ఆగదు.

ఊరు భుజాన వేసుకోవడమంటే ఎలా ఉంటుందో ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కోటప్పకొండకు ప్రభలు బయలుదేరుతాయి. ఎనభై, తొంభై అడుగుల ఎత్తు, వేల దీపాలు, కింద చక్రాల బండి. చందాలు పోగుచేసేవాళ్లు, వెదురు కట్టేవాళ్లు, జనరేటరు చూసుకునేవాళ్లు, మలుపు దగ్గర తాళ్లు పట్టి ఒరగకుండా కాసేవాళ్లు, ఎవరి పని వాళ్లది. పక్క ఊరి ప్రభ కన్నా మనది తగ్గకూడదనే పట్టుదల అందరిదీ. అంత ఎత్తుదాన్ని గతుకుల దారిలో పడకుండా నడిపించడం గరిమనాభి పాఠమే. స్టెమ్ రేసింగ్ నియమావళిలో ‘స్పాన్సర్షిప్’, ‘టీమ్ వర్క్’, ‘పిట్ డిస్‌ప్లే’ అని మార్కులు వేసేవన్నీ ప్రభలో ఉన్నాయి. లేనిది ఒక్కటే, ఆ కట్టుబడిలో ఆడపిల్లల చేయి. అమెరికా సోప్ బాక్స్ డెర్బీ 1971లో ఆడపిల్లలను రానిచ్చింది, నాలుగేళ్లకే ఒక అమ్మాయి గెలిచింది. ఎడ్లపాడు పందెం పెడితే జట్టులో సగం ఆడపిల్లలుండాలని, ఉలి పట్టేదీ ఫోనులో కొలిచేదీ కూడా వాళ్లు కావాలని మొదటి నియమంగా రాయాలి. లేకపోతే వాళ్లకు ముగ్గు వేసే పని, చార్టు మీద అందంగా రాసే పని మిగులుతుంది.

పోటీ నడిపే మెట్లు కూడా కొత్తగా కట్టనక్కర్లేదు. జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ సైన్స్ సంబరాలు బడి నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు, ఆపైన రాష్ట్రానికి ముగ్గురేసి పిల్లల జట్లతో ఏళ్ల తరబడి సాగుతున్నాయి. ఆ మెట్ల మీద ఒక కారును ఎక్కించవచ్చు. పక్కనే మద్దిరాలలో జవహర్ నవోదయ ఉంది, నరసరావుపేటలో జేఎన్టీయూ కాకినాడ వారి ఇంజనీరింగు కాలేజీ ఉంది. ఆ కాలేజీ విద్యార్థులకు జడ్జీల పని అప్పగిస్తే వాళ్లూ నాలుగు కారు ఇరుసులు చేత్తో పట్టుకుంటారు. నియమావళి తెలుగులో, నాలుగు పేజీలు మించకుండా ఉండాలి. స్టాలుకు మార్కులు వద్దు. పది పరుగుల పట్టికకు, విప్పి చూపించడానికి, జడ్జీల ప్రశ్నలకు తెలుగులో చెప్పే జవాబుకు ఇవ్వాలి. గెలిచిన కారును వదిలేసి, మొదటి పరుగు నుంచి చివరి పరుగుకు ఎక్కువ మెరుగైన కారుకు ఇంకో బహుమతి ఇవ్వాలి. ఈ రెండో బహుమతే పెద్దదిగా ఉండాలని నేనంటాను. దీన్ని ఒప్పించడం కష్టం. ఊళ్లో అందరికీ మొదటొచ్చిందే కావాలి.

ఇలా మండలంలో తేలిన ఒక్క జట్టును, ఏ మిల్లు యజమానో ఏ అమెరికా తెలుగు సంఘమో చేయి కలిపితే, రెండేళ్ల తర్వాత జాతీయ పోటీకి పంపవచ్చు. అప్పుడు సీఎన్‌సీ, కంప్యూటర్ డ్రాయింగు నేర్చుకోవడానికి వాళ్లకు ఒక వేసవి చాలు, ఎందుకంటే దేన్ని గీయాలో అప్పటికే చేతికి తెలిసి ఉంటుంది. వరస తిరగేసి సాఫ్టువేరుతో మొదలుపెడితే తెర మీద మెరిసే కారు తయారవుతుంది, దాని చక్రం ఎందుకు బిగుసుకుందో చెప్పేవాడు ఉండడు.

తేదీ విషయంలో ఒక మాట. మార్చిలో పదో తరగతి పరీక్షలు, సంక్రాంతి దాటిన దగ్గర్నుంచీ వాళ్లకు ఇంకేదీ పట్టదు, పట్టనివ్వరు కూడా. కాబట్టి ఇది ఎనిమిది, తొమ్మిది తరగతుల పందెం. దసరా సెలవులకు దిమ్మలు పంచి, డిసెంబరులో పరిగెత్తించాలి. ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టి పదకొండున్నరకల్లా ముగించేస్తే, రెండో ఏడాది గ్యాసు సిలిండర్లు వాడినా, నీడలో ఉంచితే అవి 31 డిగ్రీల లోపే ఉంటాయి.